చుక్కలు ఆకాశానివి, గీతలు మనవి

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఎగిరే పళ్ళాల మాట వినని వాళ్ళు మనలో ఉండరనుకుంటాను. వంటింట్లో కోపం వచ్చినప్పుడు ఎగిరే పళ్ళాల సంగతి కాదు లెండి నేను చెప్పబోయేది. రాత్రివేళ ఆకాశంలో చప్పుడు లేకుండా, వెలుగులు చిమ్ముకుంటూ పోతాయని చెప్పుకునే వింత వాహనాల సంగతి. వీటిని సినిమాల్లో చూశాం, పిల్లల పుస్తకాల్లో బొమ్మలు చూశాం. ఇప్పుడైతే మధ్యాహ్నం పని ముగించుకుని ఫోను చేతిలోకి తీసుకుంటే చాలు, "మా ఊరి మీద దీపాల రైలు పోయింది చూడండి" అంటూ ఎవరో ఒకరు వీడియో పంపుతూనే ఉంటారు. పక్కనే ఉన్న పిల్లవాడు "అమ్మా, అదేమిటే?" అంటాడు. "ఏమోరా, మీ నాన్నను అడుగు" అంటాం. నాన్నగారేమో "ఉత్తదే, పడుకో" అంటారు. ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోతుంది.

వేరే లోకాల్లో ప్రాణులు ఉన్నారా లేరా అని తీర్పు చెప్పడానికి నేను రాలేదు. అంత చదువూ నాకు లేదు. కాని ఇలాంటి వింతలు చూశామని జనం చెప్పినప్పుడు ప్రభుత్వాలు పూనుకుని విచారణ జరిపించాయి. ఆ విచారణల్లో ఏం తేలింది, ఎలా తేల్చారు అన్నది మనం తెలుసుకోదగ్గ విషయం. అది ఆకాశానికే కాదు, మన ఇంటికీ పనికొచ్చే సంగతి.

ఈ పళ్ళాల కథ 1947 జూన్ 24న మొదలైంది. అమెరికాలో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే ఆయన చిన్న విమానం నడుపుకుంటూ రెయినీర్ పర్వతం దగ్గరగా పోతూ ఉండగా, మెరిసే వస్తువులు తొమ్మిది వరసగా మహావేగంతో పోవడం చూశానన్నాడు. ఎలా పోయాయయ్యా అంటే, నీళ్ళ మీదికి సాసరు విసిరితే అది ఎగిరెగిరి పోయినట్టు పోయాయన్నాడు. మన పిల్లలు చెరువులో పెంకులు విసిరి కప్పగంతులు వేయిస్తారే, అలాగన్నమాట. ఆయన చెప్పింది వాటి నడక గురించి. పత్రికలవారు పట్టుకున్నది ఆకారాన్ని. 'ఎగిరే పళ్ళాలు' అని పేరు పెట్టేశారు. ఆ తర్వాత చూసినవాళ్ళలో చాలామందికి పళ్ళాలే కనిపించాయి! పేరు ముందు పుట్టింది, రూపం దాని వెనక వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. అమెరికాకూ రష్యాకూ పడని రోజులు. ఆకాశంలో ఏదో తెలియనిది పోయిందంటే అది శత్రువుల విమానమేమోనన్న గుబులు. అందుకని అమెరికా వైమానిక దళం వారే విచారణకు దిగారు. 1952 నుంచి 1969 దాకా సాగిన ఈ విచారణకు 'బ్లూ బుక్' అని పేరు. అంతకు ముందు కొన్నేళ్ళు వేరే పేర్లతో నడిచింది. 1947 నుంచి లెక్క వేస్తే మొత్తం 12,618 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో ఫలానా అని తేలనివి 701. అంటే నూటికి తొంభై నాలుగు తేలిపోయాయి. ఏమని తేలాయి? కొన్ని శుక్రుడు, గురుడు వంటి గ్రహాలు. కొన్ని ఉల్కలు. కొన్ని విమానాలు, వాతావరణం పరీక్షించే బెలూన్లు. 1957 అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్‌ను ప్రయోగించాక ఈ జాబితాలోకి కొత్త చుట్టం వచ్చి చేరింది. అదే కృత్రిమ ఉపగ్రహం.

స్పుత్నిక్ నిజానికి చాలా చిన్నది. 58 సెంటీమీటర్ల గోళం, మన నీళ్ళ బిందెకు కాస్త పెద్ద అంతే. జనం ఆరుబయట నిలబడి "అదిగో స్పుత్నిక్" అని చూసింది చాలావరకు దాన్ని కాదు, దాన్ని మోసుకుపోయి తానూ భూమి చుట్టూ తిరుగుతున్న పెద్ద రాకెట్టు భాగాన్ని. 1960 ఆగస్టు 12న అమెరికావారు ఎకో అనే ఉపగ్రహాన్ని పంపించారు. అది 30 మీటర్ల అడ్డకొలత గల బెలూను, పైన అల్యూమినియం పూత. వెండిగిన్నె తోమి ఎండలో పెట్టినట్టు తళతళలాడుతూ ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది. అది ఏ వేళకు కనిపిస్తుందో పత్రికల్లో వేసేవారు. పత్రిక చూసినవాళ్ళకు అది ఉపగ్రహం, చూడనివాళ్ళకు వింత వాహనం.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఉపగ్రహానికి దీపం ఉండదు కదా, రాత్రిపూట ఎలా వెలుగుతుంది? సాయంత్రం పొద్దుగూకాక మన వాకిట్లో చీకటి పడుతుంది. కాని తలెత్తి చూస్తే గుడి గోపురం కొసమీద ఇంకా కాస్త ఎండ ఉంటుంది. ఎత్తు మీద ఉన్నదానికి సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు. ఉపగ్రహం వందల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది గనుక మనకు రాత్రి అయినా దానికి ఇంకా పగలే. ఆ ఎండ దాని ఒంటి మీద పడి మన కంటికి చుక్కలా మెరుస్తుంది. అందుకే ఉపగ్రహాలు చీకటి పడిన తర్వాత గంటా రెండు గంటలు, మళ్ళీ తెల్లవారుజామున ఎక్కువగా కనిపిస్తాయి. పోతూ పోతూ భూమి నీడలోకి వెళ్ళిందంటే నడి ఆకాశంలోనే ఆరిపోతుంది. "చూస్తుండగానే మాయమైందండీ" అంటారు చూడండి, ఆ మాట అబద్ధం కాదు. చూసినవాళ్ళు చూసిందే చెబుతున్నారు. మాయమైనది మాత్రం మంత్రంతో కాదు, నీడతో.

మరి వంకరటింకరగా పోయిందంటారే, ఆగి ఆగి పోయిందంటారే? దీనికీ కారణం ఉంది. చుట్టూ చీకటిగా ఉన్నప్పుడు ఒకే ఒక్క వెలుగు చుక్కను రెప్ప వేయకుండా చూస్తే, అది కదలకపోయినా కదిలినట్టే తోస్తుంది. పక్కన చెట్టు కొమ్మో స్తంభమో ఉంటే పోల్చుకుంటాం. ఏమీ లేకపోతే కన్ను తన కదలికనే చుక్కకు అంటగడుతుంది. ఎత్తు సంగతీ అంతే. వస్తువు ఎంత పెద్దదో తెలిస్తే ఎంత దూరంలో ఉందో చెప్పగలం. దూరం తెలిస్తే సైజు చెప్పగలం. రెండూ తెలియనప్పుడు మనం చెప్పేది ఊహే. 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న చుక్క తాటిచెట్టు మీదుగా పోయినట్టు అనిపించడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. 1968 మార్చి 3. అమెరికాలో రాత్రి తొమ్మిదిన్నర దాటింది. కెంటకీ, టెనెస్సీ, ఇండియానా, ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో జనం ఒక వింత చూశారు. నిప్పుకణికల్లాంటి వెలుగులు కొన్ని, వెనక తోకలు లాగుకుంటూ, ఒకదాని వెంట ఒకటి ఆకాశానికి అడ్డంగా సాగిపోయాయి. చప్పుడు లేదు. వైమానిక దళానికి ఫిర్యాదులు వచ్చిపడ్డాయి.

ఈలోగా అసలు సంగతి తెలిసింది. రష్యావారు ముందురోజు, అంటే మార్చి 2న, జోండ్-4 అనే అంతరిక్ష నౌకను ప్రయోగించారు. దాన్ని మోసుకుపోయిన రాకెట్టు శకలాలు కిందికి దిగివస్తూ, గాలి రాపిడికి కాలిపోతూ, ముక్కలుముక్కలై ఆ రాష్ట్రాల మీదుగా పోయాయి. వేళ సరిపోయింది, దిక్కు సరిపోయింది, దారి సరిపోయింది. కాబట్టి ఇక్కడ ఒక అరుదైన అవకాశం దొరికింది. చూసింది ఏమిటో విచారించేవారికి నిక్కచ్చిగా తెలుసు. చూసినవాళ్ళు ఏం చెప్పారో ఉత్తరాల్లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కాండన్ అనే పెద్ద భౌతిక శాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో ఒక సంఘం, వైమానిక దళం వారి ఖర్చుతో ఈ వింతల మీదే పని చేస్తోంది. ఆ సంఘంలోని విలియం హార్ట్‌మన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఈ పని చేశారు.

ఏం తేలిందంటారు? చాలామంది ఉన్నది ఉన్నట్టే చెప్పారు: వెలుగులు వరసగా పోయాయి, తోకలు ఉన్నాయి, చప్పుడు లేదు. కాని కొందరు ఏమన్నారో వినండి. టెనెస్సీలో ముగ్గురు కలిసి చూశారు. లావుపాటి చుట్ట ఆకారంలో ఓడ పోయిందన్నారు. దానికి చదరపు కిటికీలు ఉన్నాయన్నారు. లోపలి నుంచి దీపాల వెలుగు వచ్చిందన్నారు. అడుగున రేకులు మేకులతో బిగించినట్టు కనిపించిందన్నారు. ఇండియానాలో కొందరు అది చెట్ల కొసల ఎత్తున పోయిందన్నారు. నిజానికి ఆ శకలాలు పదుల కిలోమీటర్ల పైన మండుతున్నాయి. ఓడ లేదు, కిటికీల్లేవు, రేకుల్లేవు. ఒహాయోలో బాగా చదువుకున్న ఒక ఉపాధ్యాయురాలు బైనాక్యులర్స్ పెట్టుకుని చూసి, బోర్లించిన పళ్ళాల్లాంటివి మూడు వరస కట్టి పోయాయని చెప్పారు. టార్చిలైటుతో వాటికి సంకేతాలు కూడా ఇచ్చారట. ఆ సమయంలో తన కుక్క భయంతో మూలిగిందనీ చెప్పారు.

ఇది విని నవ్వుకోకండి. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆ ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. తాగి ఉన్నవాళ్ళూ కారు, పేరు కోసం పాకులాడినవాళ్ళూ కారు. వాళ్ళ కళ్ళకు వెలుగులు కనిపించాయి. ఆ వెలుగుల నడుమ ఉన్న చీకటిని మనసు ఓడగా మార్చింది.

మనకు ఇది వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. తెల్లవారి లేచి ముగ్గు పెట్టేవాళ్ళం. ముందు చుక్కలు పెడతాం. చుక్కల్లో పద్మమూ లేదు, నెమలీ లేదు. కాని చుక్కలు చూడగానే మన మనసులో గీత పుడుతుంది, చెయ్యి ఆ గీతను నేల మీదికి దింపుతుంది. అవే చుక్కలతో మీరు పద్మం వేస్తారు, ఎదురింటావిడ పందిరి వేస్తుంది. ఆకాశంలో వెలుగులు చూసినప్పుడు జరిగేదీ ఇదే. చుక్కలు ఆకాశం పెడుతుంది, గీతలు మనం గీస్తాం. చిక్కు ఎక్కడంటే, వాకిట్లో గీత గీసింది నేనే అని మనకు తెలుస్తుంది. ఆకాశంలో గీసింది కూడా నేనే అని తెలియదు.

హార్ట్‌మన్ గమనించిన సంగతి ఇంకొకటి ఉంది. సాదాగా చూసినవాళ్ళు "ఏదో రాకెట్టు కాబోలు" అనుకుని పడుకుంటారు. కిటికీలు కనిపించినవాళ్ళకు నిద్ర పట్టదు. వాళ్ళే కాగితం కలం తీసుకుంటారు, వివరంగా రాస్తారు. అందువల్ల విచారించేవారి బల్ల మీదికి చేరేవాటిలో ఇటువంటివే ఎక్కువ బరువు తూగుతాయి. పెళ్ళికి వెళ్ళొచ్చిన పదిమందిలో ఎవరు ఎక్కువ మాట్లాడతారో మనకు తెలియదా? భోజనం బాగుందన్నవాళ్ళు కాదు, పులుసులో ఉప్పు ఎక్కువైందన్నవాళ్ళు.

ఇది ఒక్క అమెరికాలోనే అనుకునేరు. ఫ్రాన్సులో వారి అంతరిక్ష సంస్థే 1977లో ఇందుకోసం ఒక చిన్న శాఖ పెట్టింది. ఎవరైనా వింత చూస్తే ఆ ఊరి పోలీసులు వచ్చి వాఙ్మూలం రాసుకుంటారు, శాస్త్రజ్ఞులు పరిశీలిస్తారు. 1990 నవంబరు 5 సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో ఫ్రాన్సు దేశమంతటా జనం ఆకాశంలో వెలుగుల గుంపు చూశారు. విమానాలు నడిపేవాళ్ళూ చూశారు. కొందరికి అది నల్లటి పెద్ద త్రికోణాకారపు ఓడ, దాని అంచులకు దీపాలు. విచారణలో తేలింది ఏమిటంటే, రెండు రోజుల ముందు రష్యావారు గొరైజోంట్ అనే ఉపగ్రహాన్ని పంపిన ప్రోటాన్ రాకెట్టు మూడో దశ, తిరిగివచ్చి గాలిలో కాలిపోయింది. జోండ్ కథే, ఇరవై రెండేళ్ళ తర్వాత ఇంకో దేశంలో, ఇంకో భాషలో. మనుషుల మనసు మాత్రం ఒక్కలాంటిదే.

మన సంగతికి వద్దాం. 1979 జూలైలో అమెరికావారి స్కైలాబ్ పడిపోతుందన్న వార్త వచ్చినప్పుడు మన పల్లెల్లో ఎంత కలవరం రేగిందో మీ పెద్దవాళ్ళను అడగండి. ఉన్న కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నవాళ్ళున్నారు. రేపు ఉంటామో పోతామో అని ఉన్నది తెగనమ్మి ఖర్చుపెట్టుకున్నవాళ్ళూ ఉన్నారని మా అమ్మ చెప్పేది. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి ప్రాంతంలోనూ ముక్కలై పడింది. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. మనవాళ్ళకు నష్టం చేసింది స్కైలాబ్ కాదు, దాని పేరు మీద ఊళ్ళు తిరిగిన పుకారు.

2022 ఏప్రిల్ 2, మన ఉగాది రోజు. మహారాష్ట్రవారికి గుడిపాడ్వా. రాత్రి ఎనిమిది కావస్తుండగా మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్‌లలో ఎంతోమంది ఆకాశంలో నిప్పుల వరస పోవడం చూశారు. కొందరు తోకచుక్క అన్నారు, కొందరు క్షిపణి అన్నారు. మన తెలంగాణ సరిహద్దును ఆనుకునే ఉన్న చంద్రపూర్ జిల్లాలో, సిందేవాహి తాలూకా లాడ్‌బోరి అనే పల్లెలో పెద్ద చప్పుడుతో ఒక లోహపు వలయం ఖాళీస్థలంలో పడింది. 40 కిలోల పైన బరువు. ఇంకో చోట గుండ్రటి లోహపు గోళం దొరికింది. మన ఇస్రో శాస్త్రజ్ఞులు వచ్చి చూసి, పరిశీలనకు తీసుకుపోయారు. ఉపగ్రహాల రాకపోకలను లెక్కగట్టే ఖగోళ శాస్త్రజ్ఞులు, అంతకు ముందు ఏడాది చైనావారు ప్రయోగించిన లాంగ్ మార్చ్ రాకెట్టు మూడో దశ సరిగ్గా ఆ వేళకే ఆ దారిన దిగవలసి ఉందని చూపించారు. ఈసారి వింత కేవలం కంటికి కనిపించి ఊరుకోలేదు, చేతికి అందింది.

అన్నీ ఉపగ్రహాలే అని కూడా అనుకోవద్దు. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు లడాఖ్ సరిహద్దులో మన సైనికులు రాత్రిపూట వెలుగులు చూసి 329 సార్లు నమోదు చేశారు. చైనావారు గూఢచారి విమానాలు పంపుతున్నారేమోనని అనుమానం. గడ్డకట్టే చలిలో కంటిమీద కునుకు లేకుండా కాపలా కాసే పిల్లలు వాళ్ళు, అనుమానించడం వాళ్ళ ధర్మం. బెంగుళూరులోని ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రజ్ఞులను పిలిపించారు. వాళ్ళు వేళలూ దిక్కులూ సరిచూసి, అవి గురుడు, శుక్రుడు అని తేల్చారు. సరిహద్దు మీద ఒక్క తుపాకి పేలినా ఎంత దూరం పోతుందో ఆలోచించండి. అటువంటి చోట ఇదేమిటో నిదానంగా తేల్చుకోవడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఇక దీపాల రైలు సంగతి. 2019 మే నెలలో అమెరికాలోని స్పేస్ఎక్స్ కంపెనీ ఇంటర్నెట్ కోసం స్టార్‌లింక్ ఉపగ్రహాలను ఒకేసారి 60 పంపింది. ఆ తర్వాత గుంపులు గుంపులుగా పంపుతూ వచ్చింది, ఇప్పుడవి వేలల్లో ఉన్నాయి. ప్రయోగించిన కొత్తలో అవి తక్కువ ఎత్తున, ఒకదాని వెనక ఒకటి, దారానికి గుచ్చిన మల్లెమొగ్గల్లా పోతాయి. కొన్నాళ్ళకు పైకెక్కి ఎడం ఎడంగా సర్దుకుంటాయి, అప్పుడు మాల కనిపించదు. మన దేశంలోనూ చాలా ఊళ్ళలో వీటిని చూసి జనం డాబాలెక్కారు. అమెరికా రక్షణ శాఖ 2022లో ఇటువంటి విచారణకు కొత్తగా ఒక కార్యాలయం తెరిచింది. 2024 నవంబరులో ఆ కార్యాలయం ఇచ్చిన నివేదికలో, 2023 మే నుంచి 2024 జూన్ ఒకటి వరకు తమకు 757 ఫిర్యాదులు అందాయని చెప్పారు. తేలినవాటిలో బెలూన్లు, పక్షులు, డ్రోన్లు ఉన్నాయి. స్టార్‌లింక్ ఉపగ్రహాలని తేలేవి నానాటికీ ఎక్కువవుతున్నాయని కూడా రాశారు. నిపుణులు ఇంకా శ్రద్ధగా చూడవలసినవి 21 ఉన్నాయన్నారు.

ఈ 21, ముందు చెప్పిన 701, వీటి మాటేమిటి? ఇదే అసలు మెలిక. తేలలేదు అంటే తేలలేదనే అర్థం. వేరే లోకం నుంచి వచ్చినట్టు తేలింది అని కాదు. కొన్నిటికి వేళ సరిగా చెప్పలేదు, కొన్నిటికి దిక్కు చెప్పలేదు, కొన్ని నిజంగానే చిక్కుముళ్ళు. కాండన్ సంఘం 1969 జనవరిలో ఇచ్చిన నివేదికలో, వీటి వెంట పడితే శాస్త్రానికి ఒరిగేదేమీ లేదన్నారు. ఆ డిసెంబరులో వైమానిక దళం విచారణ మూసేసింది. కాని ఆ దళానికి ఇరవై ఏళ్ళు సలహాదారుగా ఉన్న అలెన్ హైనెక్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఒప్పుకోలేదు. మొదట్లో ఇదంతా ఉత్తదే అన్న మనిషే, మిగిలినవాటిని ఇంకా శ్రద్ధగా చూడాలని తర్వాత వాదించారు. పెద్దవాళ్ళ మధ్యే ఆ వాదం ఉంది, ఉండనివ్వండి. తెలియనిదాన్ని తెలియదని రాసిపెట్టుకోవడానికి ధైర్యం కావాలి. ఆ 701 అనే అంకెను దాచకుండా చెప్పడమే ఆ విచారణకు అందం.

ఇంట్లో ఉంగరం కనిపించలేదనుకోండి. వెంటనే ఎవరి పేరు పైకి వస్తుంది? పనిమనిషి పేరు. "నిన్న ఆ గది ఊడ్చింది అదే కదా" అంటాం. నిన్న ఆవిడ కాస్త తొందరగా వెళ్ళిపోయింది, అదొక చుక్క. పొద్దున సరిగా మాట్లాడలేదు, అదొక చుక్క. పండక్కి అప్పు అడిగింది, అదొక చుక్క. గీత మనమే గీసేస్తాం, ముగ్గు పూర్తయిపోతుంది. వారం పోయాక ఉంగరం బియ్యం డబ్బాలో దొరుకుతుంది. అప్పటికి ఆవిడ మరో ఇంటి గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది, మన మాట ఆవిడకంటే ముందే అక్కడికి చేరి ఉంటుంది. ఉంగరం దొరక్కపోయినా సరే, "ఎలా పోయిందో తెలియదు" అన్నది వేరు, "అదే తీసింది" అన్నది వేరు. ఆకాశంలో వెలుగుకు పరువు పోదు. మనిషికి పోతుంది.

అందుకని విచారించేవారు అడిగే ప్రశ్నలు మనమూ నేర్చుకుందాం. డాబా మీద మీకు గాని, మీ పిల్లలకు గాని ఏదైనా వింత వెలుగు కనిపిస్తే ముందు గడియారం చూడండి. ఏ దిక్కున మొదలై ఏ దిక్కుకు పోయిందో, నీళ్ళ ట్యాంకు మీదుగానా, కొబ్బరిచెట్టు మీదుగానా గుర్తు పెట్టుకోండి. ఎత్తు కిలోమీటర్లలో చెప్పకండి, అది ఊహ అవుతుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే, పిట్టగోడ నుంచి ఎన్ని పిడికిళ్ళ ఎత్తున ఉందో చూడండి. ఎంతసేపు కనిపించిందో మనసులో అంకెలు లెక్కపెట్టండి.

ఇక పోల్చుకోవడం తేలిక. క్షణంలో గీతలా మెరిసి పోతే ఉల్క. ఎర్ర, పచ్చ దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటే విమానం. ఆరకుండా నిలకడగా నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటితే ఉపగ్రహం. అందులోనూ శుక్రుడితో పోటీపడి మెరిస్తే అది మనుషులు నివసించే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కావచ్చు. గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి వస్తుంది. అది మీ ఊరి మీదుగా ఏ వేళకు పోతుందో ఇంటర్నెట్‌లో ముందే చూసుకోవచ్చు. గంటసేపు ఒకేచోట ఉండి మెల్లగా పడమటికి దిగితే గ్రహం. ఒక నిమిషం అటూ ఇటూగా, ముక్కలుముక్కలై నిప్పులు చిమ్ముతూ అడ్డంగా సాగిపోతే, ఏదో రాకెట్టు శకలం ఇంటికి తిరిగివస్తోందన్నమాట.

ఇంకొక ముఖ్యమైన మాట. ఇద్దరు ముగ్గురు కలిసి చూసినప్పుడు, మాట్లాడుకోకముందే ఎవరికి వారు కాగితం మీద రాసుకోండి. పిల్లల చేత బొమ్మ గీయించండి. పక్కింటావిడ "కిటికీలు చూశారా" అన్నాక మనకు కిటికీలు కనిపించకుండా ఉండడం కష్టం. ఆకాశం నుంచి ఏదైనా పడితే మాత్రం ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వద్దు, పోలీసులకు కబురు చేయండి. రాకెట్టు ముక్కల్లో విషపు ఇంధనం మిగిలి ఉండవచ్చు. మన హైదరాబాదులోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి పరిశోధన కోసం పెద్ద బెలూన్లు ఎగరేస్తూ ఉంటారు. వాటి పరికరాలు పారాషూట్‌తో జిల్లాల్లో దిగుతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఒకటి పొలాల్లో దిగితే జనం విరగబడి చూశారు. అటువంటివి దొరికితే ఏం చేయాలో వాళ్ళు పత్రికల్లో ప్రకటన ఇస్తారు.

పిల్లవాడు వచ్చి "అమ్మా, ఆకాశంలో ఏదో చూశాను" అంటే "ఉత్తదే" అనకండి. "అమ్మో, గ్రహాంతరవాసులు" అనీ అనకండి. "ఎన్ని గంటలకు చూశావు? ఎటు నుంచి ఎటు పోయింది?" అని అడగండి. చూసిన కన్నుకు గౌరవం ఇచ్చినట్టూ అవుతుంది, గీసిన గీతను సరిచూసినట్టూ అవుతుంది. వాడు రేపు శాస్త్రజ్ఞుడు కాకపోయినా ఫరవాలేదు. ఒక మనిషి మీద నింద వేసేముందు కాసేపు ఆగి, అడిగి తెలుసుకునేవాడైతే చాలు.